తువాలు వేసిన సీటు

సింగరమ్మ పోయినా ఆమె నొప్పి మాత్రం పెద్దాసుపత్రి వరండాలోనే ఉందనీ, సొంతవాళ్లెవరైనా వచ్చి తీసుకుపోవాలనీ ఆమె భర్త మాలకొండయ్యకు కబురు వచ్చింది. ఇలాంటి కబుర్లు ఆ ఏడు చాలా ఇళ్లకు వస్తూనే ఉన్నాయి కాబట్టి అతను ఆశ్చర్యపోలేదు. తువాలు భుజాన వేసుకుని, సంచి పట్టుకుని బయలుదేరాడు.

దీనంతటికీ కారణం ఒక మందు. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, వాచినా అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం పుడుతుంది. నరం మీద దానికని ఒక గ్రాహకం, అంటే ఒక కుర్చీ, ఉంటుంది. అది అందులో కూర్చుంటేనే మనిషికి నొప్పి తెలుస్తుంది. ప్రయోగశాలలో తయారైన ఈ కొత్త మందు ముందే పోయి ఆ కుర్చీలో కూర్చుంటుంది. కూర్చుని ఏ పనీ చెయ్యదు. తెల్లటి పొడి. నీళ్లలో కరగదు, స్పిరిట్లో కరుగుతుంది. చల్లటి చోట ఉంచాలి. పక్క కుర్చీల జోలికి పోదు. కుంటుతున్న ఎలుకలకు ఇస్తే అవి పరుగెత్తాయి. వాటి నొప్పులు బోను కింద వరసగా కూర్చుని ఉండటం ఊడ్చేవాళ్లు చూశారు గానీ, ఊడ్చేవాళ్లను ఎవరూ అడగలేదు.

సింగరమ్మను ఆసుపత్రిలో చేర్చిన రోజు డాక్టరు ఇదంతా మాలకొండయ్యకు తేలిగ్గా చెప్పాడు. బస్సు కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపుతారే, ఈ మందూ అంతే, తర్వాత వచ్చినవాళ్లు నిలబడాల్సిందే అన్నాడు. మాలకొండయ్యకు బాగా అర్థమైంది. తువాలు వేయడంలో అతనికి ఊళ్లో పేరుంది.

కుర్చీ దొరకని నొప్పి చావదు. బయటికి వచ్చి ఎదురుచూస్తుంది. మందు తయారుచేసినవాళ్లు తమ పూచీ కుర్చీ వరకేనన్నారు. వైద్యశాఖ, నొప్పి ఒంట్లో ఉన్నంతవరకే తమదంది. ఆఖరికి రెవెన్యూవాళ్లు టెండర్లు పిలిచి బెంచీలు వేయించారు. రోగి బతికుంటే, మందు దిగాక నొప్పి తనంతట తనే ఇంటికి పోతుంది. రోగి పోతే కుటుంబంలో ఒకరు వచ్చి దాన్ని గుర్తుపట్టాలి. కబురు అందిన రోజు సాయంత్రంలోగా గుర్తుపట్టకపోతే మండలంలో ఎవరి ఒంట్లో కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్లకు కేటాయిస్తారు.

మాలకొండయ్యకు ఆ సంగతే మింగుడుపడలేదు. సింగరమ్మ చీరలు అతని చెల్లెలు పట్టుకుపోయింది. ఫోటో లేదు. తీయిద్దామని అతనికి ఎన్నడూ తోచలేదు. ఆమెది అనేది ఇంక ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటికి పోతే, ఆమె ఉండేదని చెప్పడానికి ఏమీ ఉండదు.

వరండా పొడుగునా నొప్పులు కూర్చుని ఉన్నాయి. మనుషుల్లాగే, కాస్త పలచగా. కొన్ని నడుం పట్టుకుని, కొన్ని చెంప పట్టుకుని. నొప్పుల సెక్షను గుమాస్తా వసుంధర తాళాల గుత్తి తీసుకుని అతనితో నడిచింది.

"మీ ఆవిడకి నొప్పి ఎక్కడ పెద్దాయనా?"

కాళ్లన్నాడు మాలకొండయ్య. మోకాళ్ల బెంచీ దగ్గరికి తీసుకుపోయింది. ఒక్కటీ తల ఎత్తలేదు. నడుమేమో అన్నాడు. నడుం బెంచీవి అతన్ని చూసి మొహాలు తిప్పుకున్నాయి. కడుపు కావచ్చునన్నాడు.

"అందాజుగా చెప్తే ఇవ్వరండీ. ముప్పై ఏళ్ల పైన కాపరం చేశారంటున్నారు. ఒక్కసారన్నా చెప్పలేదా?"

"చెప్పలా."

"మీరడిగారా?"

మాలకొండయ్య తువాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"అడగలా."

వసుంధరకది రోజూ వినే జవాబే. భర్త పోయిన ఆడవాళ్లయితే నేరుగా వచ్చి నొప్పిని చెయ్యి పట్టుకుని తీసుకుపోతారనీ, మగవాళ్లనైతే బెంచీలన్నీ తిప్పాలనీ, అందుకే మగవాళ్లను భోజనాలయ్యాక రమ్మంటున్నామనీ చెప్పింది.

ఆఖరి బెంచీలో చోటుంది. దాని పక్కనే కిటికీ ఊచ పట్టుకుని ఒక నొప్పి నిలబడి ఉంది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది.

"అదేందమ్మా, అది నిలబడింది?"

"వచ్చినకాడ్నించీ చెప్తున్నా, కూర్చోదు. ఎవరో వస్తాడంట. ఆయన సీటంట."

ఒకప్పుడు పొగాకు కంపెనీలో పగలంతా భార్యాభర్తలిద్దరూ ఆకు మోసేవాళ్లు. సాయంత్రం బస్సు ఆగకముందే మాలకొండయ్య పరుగెత్తి కిటికీలోంచి తువాలు వేసేవాడు. మడిచి వేసేవాడు. ఒక సీటు ఆగేది. అతను కూర్చునేవాడు. సింగరమ్మ క్యారేజీ గిన్నె చేతికి తగిలించుకుని పక్కన ఊచ పట్టుకుని ఊరొచ్చేదాకా నిలబడేది. విప్పి పరిస్తే రెండు సీట్లకు సరిపోయే తువాలే అది.

"అది మాదే" అన్నాడు.

"ఎక్కడ నొప్పో చెప్పాలి కదండీ."

"తెలవదు. మాదే."

వసుంధర ఆ నొప్పి వైపు తిరిగి, ఈయన మీ ఆయనేనా అని అడిగింది. అది ఊచ వదిలి వచ్చి, మాలకొండయ్య చేతిలోని సంచి తను తీసుకుంది. అది చాలునని వసుంధర వేలిముద్ర వేయించుకుంది.

బస్టాండులో మాలకొండయ్య తువాలు పూర్తిగా విప్పాడు. కిటికీలోంచి రెండు సీట్లకూ వచ్చేలా పరిచాడు. ఎక్కి, కూర్చోమన్నాడు. నొప్పి కూర్చోలేదు. మళ్లీ చెప్పాడు. ఊచ పట్టుకునే ఉంది.

"యాడ నొప్పి నీకు?" అని అడిగాడు.

వేరే ఎవర్నో అడుగుతున్నాడనుకుని అది వెనక్కి తిరిగి చూసింది.

కాసేపు అతనూ నిలబడ్డాడు. బస్సు ఊరు దాటేసరికి కాళ్లు లాగాయి. కూర్చున్నాడు. పక్క సీట్లో తువాలు కూర్చుంది. దాన్ని తీయమని ఎవరూ అడగలేదు.

బస్సులో ఆడవాళ్లు చాలామందే నిలబడి ఉన్నారు, తలా ఒక ఊచ పట్టుకుని. వాళ్లలో మనుషులెవరో నొప్పులెవరో కండక్టరు అడగలేదు. అందరికీ ఒకే టికెట్టు కొట్టుకుంటూ ముందుకు పోయాడు.