భూమవ్వ ముక్కుపుడక, ధ్రువపత్ర సహితం

వజ్రాన్ని కంటితో చూసి బాగుందో లేదో చెప్పే అనాగరిక పద్ధతి మన జిల్లాలో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండడం విచారకరం. నాగరిక లోకంలో వజ్రాన్ని ప్రయోగశాల చూస్తుంది. కొనేవారు ప్రయోగశాల ఇచ్చిన కాగితాన్ని చూస్తారు. (చదువు రానివారికి చదివి వినిపిస్తారు.)

గోదావరిఖని బొగ్గుగని కాలనీలో ఉండే మా మేనత్త భూమవ్వకు ఈ నాగరికత కొత్త. ఆమెకు ఒకటే పట్టుదల: తోటికోడలు యాదవ్వ పుడక కంటే తన పుడక ఎక్కువ మెరవాలి. యాదవ్వది ఏ కాగితమూ లేకుండా, ఏళ్ల తరబడి బాధ్యతారహితంగా మెరుస్తూనే ఉంది. చుట్టాలు ఎక్కడ కలిసినా ముందు ఆమె ముఖమే చూస్తారు. మనవడి పుట్టెంట్రుకలు వేములవాడలో తీయాలనుకున్నాక అత్త ఇక ఆగలేదు. గనిలో పనిచేసి రిటైరైన మొండయ్య మామనూ నన్నూ వెంటబెట్టుకుని కరీంనగర్‌లో నగల దుకాణానికి వచ్చింది.

అమ్మే పిల్ల స్పందన రెండు రాళ్లు ముందుపెట్టింది. ఒకటి కళ్లు జిగేల్మనిపించింది. రెండోది నీళ్లలో పాలచుక్క పడ్డట్టుంది.

"గిదే కావాలె," అంది అత్త, మెరిసేదాన్ని చూపిస్తూ.

"అది జె రంగు, అమ్మా," అంది స్పందన, ఎవరికో జబ్బున్న సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించి. "గీ రెండోది డి. అన్నిటికన్న పై గ్రేడ్." (వజ్రాల అక్షరమాల డితో మొదలవుతుంది. ఏ, బి, సి లకు అర్హత చాలలేదు.)

"మరి మెరుస్తలేదేంది బిడ్డా?"

"రంగుకు మార్కులున్నయి, మచ్చకు మార్కులున్నయి. పెట్టుకుంటె ఎట్ల కనవడుతదో, గా గడి కాయితంల లేదమ్మా."

అంతలో దుకాణంవారి వజ్రదర్శన నియంత్రణాధికారి ఫయాజ్ సాబ్ వచ్చి వివరించారు. రంగు తేల్చేటప్పుడు రాయిని బోర్లించి, తెల్లదీపం కింద, పక్క నుంచి చూస్తారట.

"బోర్లిస్తరా?" అన్నాడు మామ. "ముక్కుకు పెట్టినంక ఎనకకెల్లి ఎవలు చూస్తరు సార్?"

"గది పెట్టుకున్నోళ్ల జిమ్మేదారి," అన్నారు సాబ్. (అనగా రంగు సరిచూడదలచినవారు దీపం పట్టుకుని ముక్కు లోపలికి దిగాలి. మా మామకు అలాంటి ఉద్యోగంలోనే అనుభవం ఉంది.)

"మా యారాలు యాదవ్వది గిట్లనే మెరుస్తది," అంది అత్త, ఇంకా మెరిసే రాయినే చూస్తూ. సాబ్ మెల్లగా అడిగారు: "మీ యారాలు పుడకకు గ్రేడ్ ఉన్నదా అమ్మా?"

"లేదు."

"ఇగ ఫికర్ ఎందుకు? గది మెరుస్తున్నదనుటానికి రుజువే లేదు."

అత్త ముఖం వెలిగిపోయింది. డి కొనేశాం. లామినేషన్ చేసిన కాగితం, దానిపై ఫోన్‌తో స్కాన్ చేసే గుర్తు కూడా ఇచ్చారు.

వేములవాడ సత్రం ముందు చుట్టాలంతా చేరారు. యాదవ్వ ముక్కు ఎప్పటిలాగే మెరిసింది. అత్త ఎండకు ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఎవరూ చూడలేదు. అబద్ధమెందుకు, నాకు ప్రాణం ఉసూరుమంది. చివరికి ఆమె సంచిలోంచి కాగితం తీసింది.

అంతే, అందరూ ఫోన్లు తీసి స్కాన్ చేశారు. "డి గ్రేడంట!" అని నోళ్లు తెరిచారు. యాదవ్వది ఉత్తదేనని ఐదు నిమిషాల్లో తేల్చేశారు. పాపం, ఆమె కొంగుతో ముక్కు కప్పుకుంది. అత్త గెలిచింది.

అందరినీ నిలబెట్టి ఫోటో తీయబోతూ ఫోటోగ్రాఫర్ ఆగాడు. "అవ్వా, నీ పుడక పడుతలేదు. గా కాయితం జర ముంగట పట్టు."

అత్త పట్టుకుంది. ఫోటో చక్కగా వచ్చింది, కాగితం తళతళలాడుతోంది. దాని వెనక ఉన్నది మా అత్తే. గుర్తుపట్టడానికి కింద పేరు రాయించాం.