తప్పుల్లేని పసుపు బాట

డిజిటల్ పసుపు సమితి వారి ‘పసుపు బాట’ పోర్టల్‌లో తప్పులు సమూలంగా నిర్మూలించబడినవని రైతు సోదరులకు ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ శుభవార్త ఏర్గట్ల భాగ్యలక్ష్మికి చేరేసరికి ఆమె ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరుతోంది, ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. పోర్టల్ టోకెన్ ఇవ్వనిదే నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు దిగదు. కొమ్ము తడిసిందా, ఏడాది కష్టం నీళ్లపాలు.

ఆమె మొదటిసారి ఇనాయత్ ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లినప్పుడు పోర్టల్‌కి ఇంకా నోరుండేది. సర్వే నంబరు 112/అ అని కొట్టించగానే ‘అంకెలు మాత్రమే రాయవలెను’ అంది. అంతటితో ఊరుకుంటే అది పోర్టల్ ఎందుకవుతుంది? 112లో ఎవరెవరున్నారో, వారి ఆధార్ నంబర్లు, ఫోన్లు, వయసులు అన్నీ తెరమీద పరిచింది. సమితి వారిది అంత విశాల హృదయం.

దాంతో ఊళ్లో డిజిటల్ అక్షరాస్యత అమాంతం పెరిగింది. పసుపు వేయనివాళ్లు కూడా వరుసకట్టి, కావాలని తప్పులు కొట్టించుకుని, వియ్యంకుల భూముల లెక్క తెలుసుకుని తృప్తిగా వెళ్లారు. తన అసలు వయసు బయటపడిందని, 112లోనే వాటా ఉన్న దేవవ్వ రెండు రోజులు గడప దాటలేదు.

గగ్గోలు సమితి ఉపసంచాలకుల వారి చెవిన పడింది. “ప్రజల గోప్యత మా ప్రాణం” అని వారు సెలవిచ్చి, సందేశాలన్నీ తీయించి ఒకే ఒక్క మాట పెట్టించారు: తప్పు. ఏది తప్పో చెబితే దుండగులకు ఉప్పందించినట్లేనట. అప్పటిదాకా నింపినదంతా తుడిచివేసే సదుపాయం కూడా ఉచితంగా కల్పించారు.

తప్పులు పోయాయన్న శుభవార్త విని భాగ్యలక్ష్మి మళ్లీ వచ్చి, పాసుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నింపించింది. తప్పు. మళ్లీ నింపించింది. తప్పు. పేరు తప్పా, ఊరు తప్పా, అసలు పుట్టడమే తప్పా అన్నది పోర్టల్ చెప్పదు. బయట ఉరిమింది. ఆమెకు ఏడుపొచ్చింది.

“పట్టాల గట్లనే ఉన్నది గదా అన్నా! నేనేం తప్పు చేసిన?”

“మొన్న అంకెలే గావాలన్నది గదక్కా. గా గీత, గా ‘అ’ తీసేస్త. ఒట్టి 112 కొడ్త,” అన్నాడు ఇనాయత్.

“ఒట్టి 112 చంద్రయ్య మామది!”

“గది పోర్టల్‌కేం ఎరుక?”

మళ్లీ ఉరిమింది. “కొట్టన్నా,” అంది భాగ్యలక్ష్మి.

నిజం రాస్తే కసిరిన పోర్టల్ అబద్ధానికి చిరునవ్వుతో టోకెన్ ఇచ్చింది. వాన పడకముందే ఆమె పసుపు చంద్రయ్య పేరున అమ్ముడుపోయి, పైసలు ఆమె చేతికే వచ్చాయి. సంగతి గుప్పుమంది. 112/ఆ, 112/ఇ మొదలుకొని ముక్కలవాళ్లందరూ గీతలు తీసేయించుకుని యార్డు గేటు దాటారు.

సీజన్ ముగిశాక సన్మాన సభ జరిగింది. “ఈ ఏడు ఒక్క తప్పూ లేదు! రెండెకరాల్లో అరవై లారీల పసుపు పండించిన కృషీవలుడు మన చంద్రయ్య!” అంటూ ఉపసంచాలకుల వారు శాలువా విప్పారు. మొక్కజొన్న తప్ప మరొకటి వేయని చంద్రయ్య శాలువా కప్పించుకుని, “అంతా మీ దయ సారూ,” అన్నాడు.

తన పసుపును ఇంకొకరి పేరున పొగుడుతుంటే భాగ్యలక్ష్మి కూర్చోలేకపోయింది. లేచి చెప్పేద్దామనుకుంది. చెబితే తన టోకెన్ అబద్ధం, ఆ వరుసలో కూర్చున్నవారందరి టోకెన్లూ అబద్ధం. పక్కనున్న సాయవ్వ మోచేత్తో పొడిచింది.

“సప్పట్లు కొట్టవే, అందరు సూస్తున్నరు.”

కొట్టింది. ఆ హోరుకు మురిసిపోయిన ఉపసంచాలకుల వారు, ప్రజల ఈ ఆదరణ దృష్ట్యా వచ్చే ఏడు పాసుపుస్తకాలను కూడా పోర్టల్ ప్రకారమే సరిదిద్దిస్తామని, 112 మొత్తం ఒకే పేరు మీదకు వస్తుందని ప్రకటించారు. చంద్రయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మొదలుపెట్టినవి మధ్యలో ఆపడం మర్యాద కాదని, మిగతా వారంతా కొడుతూనే ఉన్నారు.