ఇంటూ గీతల హంతకుడు

“హరిప్రసాద్, రాసి పెట్టుకో! ఖమ్మం నుంచి భద్రాచలం అడవి దాకా ఎక్కడన్న ఒక నేరం మిగిలిందంటే, అది నేను దయదలిచి వదిలేసిందే!”

చందూలాల్ ఈ ప్రకటన చేసినప్పుడు జూలూరుపాడులోని నా జిరాక్స్ షాపులో, నా స్టూలు మీద కూర్చుని, నా చాయ్ తాగుతున్నాడు. పంట బీమా ఏజెంటు పని పోయాక ఫోన్లో నలభై నిమిషాల కోర్సు చూసి డిటెక్టివ్ అయ్యాడు. కార్డు మీద ‘హత్యలు, అపహరణలు, తప్పిపోయిన బర్రెలు’ అని వేయించుకున్నాడు. ఇప్పటిదాకా మూడో రకం కేసు ఒక్కటే వచ్చింది. ఆ బర్రె కూడా దానంతటదే ఇంటికి పోయింది.

అంతలో ఫోన్ మోగింది. ఊరి చివర అడవికి ఆనుకుని ఉన్న వృద్ధాశ్రమం మేనేజరు రాజ్యశ్రీ.

“చందూలాల్ గారు, జల్దీ రండి. ఎవరో మా హాల్ల మంచాల పైన, కప్పు మీద ఎర్ర సుద్దతోని ఇంటూ గీతలు గీస్తున్నరు. గీత పడ్డ మంచం కాసేపటికి వేరే మూలకు పోయి ఉంటుంది. నిన్న రాత్రి నుంచి పెద్దోళ్లు భయపడి సరిగ తింటలేరు. పదకొండు గంటలకు జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నరు. లైసెన్సు ఆగితే ఇరవై రెండు మంది ఎటు పోవాలె? ఆ గీసేటోళ్లు ఎవరైనా సరే, ఇయ్యాల్నే బయటికి పంపిస్తనని అందరికి మాట ఇచ్చిన.”

పోలీసులను పిలిస్తే ఊరంతా తెలుస్తుంది, చందూలాల్‌ను పిలిస్తే ఎవరూ పట్టించుకోరు. ఆమె లెక్క అది.

“మృత్యుగీత!” అన్నాడు చందూలాల్ ఫోన్ పెట్టేసి. కళ్లు మెరిసిపోతున్నాయి. “గీత పడ్డోళ్లు పోవుడు ఖాయం!”

“పోయింది మంచం గదరా.”

“ముందు మంచం. తర్వాత మనిషి.”

ఆశ్రమం తనిఖీకి పెళ్లికొడుకులా ముస్తాబై ఉంది. మెట్లకు కొత్త రెయిలింగ్, గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్, హాలుకు నిన్ననే వేసిన తెల్ల రంగు, బాత్రూం ముందు కాలు జారకుండా పరిచిన రబ్బరు చాప. చందూలాల్ ఆ చాప తట్టుకుని బోర్లా పడ్డాడు.

“హంతకుని మొదటి ఉచ్చు,” అన్నాడు లేస్తూ.

హాల్లో బతుకమ్మ అనే అవ్వ తన మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. చందూలాల్ తల పైకెత్తి, ఆమెకు పైనున్న కప్పును ఫోన్‌తో ఫోటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూశాడు. కొత్త రంగు మీద ఇంకా ఏ గీతా లేదు. పక్క మంచం ఉండే చోట పైన మాత్రం అప్పుడే గీసినట్టు ఎర్రగా ఓ ఇంటూ.

“కప్పు పదడుగుల ఎత్తు. నిచ్చెన లేదు. అంటే నేరస్థుడు పదడుగుల మనిషి!”

“గంత పొడుగు మనిషుంటే మేం ఫ్యాన్లు తుడిపిచ్చుకోకపోదుమా కొడుకా,” అంది బతుకమ్మ.

చందూలాల్ ఆ మాట కూడా నోట్సులో రాసుకున్నాడు, సాక్షి దాస్తోందని పక్కన చుక్క పెట్టి. తర్వాత బాలి అనే పెద్దామెను ప్రశ్నించాడు. ఆమె ఇతని తాత పేరు, తండా పేరు అడిగి, చివరకు ఇతనికి మేనత్త వరస అవుతుందని తేల్చి, పెళ్లెప్పుడని నిలదీసింది. విచారణ అక్కడితో ఆగిపోయింది.

తొమ్మిదింటికి అందరూ టిఫిన్‌కు వెళ్లారు. మేమిద్దరం కిటికీ తెర వెనక దాక్కున్నాం. కాసేపటికి ఒక సన్నటి పెద్దాయన వచ్చాడు. పేరు కాశయ్య. చేతిలో పొడుగాటి వెదురుకర్ర, దాని కొసకు దారంతో కట్టిన ఎర్ర సుద్దముక్క.

ఆయన కర్ర రెండో కొసతో కప్పును తట్టాడు. చెవి వొగ్గి విన్నాడు. రెండడుగులు జరిగి మళ్లీ తట్టాడు. బతుకమ్మ మంచం పైన మూడుసార్లు తట్టి, తల అడ్డంగా ఊపి, కర్ర తిప్పి ఇంటూ గీశాడు. తర్వాత ఆ చక్రాల మంచాన్ని నెమ్మదిగా తలుపు పక్కకు తోశాడు.

“దొరికినవ్ హంతకా!” అని చందూలాల్ దూకాడు. తెర కూడా ఇతనితో పాటే దూకింది. తెరా ఇతనూ వెళ్లి మంచం మీద పడ్డారు, మంచం గోడ వైపు పరుగు తీసింది. కాశయ్య కాలు అడ్డం పెట్టి ఆపాడు.

“దెబ్బ తాకిందా బిడ్డా?” అన్నాడు పాపం.

కేకలకు అందరూ వచ్చారు. రాజ్యశ్రీ ముఖం ఎర్రబడింది.

“నువ్వా తాతా? ఏంది గిదంతా?”

“ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల మైనింగ్ సర్దార్ పని జేసిన బిడ్డా. షిఫ్టుల దిగంగనే మొదాలు కప్పు కొట్టి సూడాలె. గట్టిగుంటే ఖంగుమంటది. డొల్లయితే బుడుంగుమంటది. డొల్లున్న కాడ ఇంటూ కొడితే ఎవ్వడు ఆ కిందికి పోడు.”

“నోరు తెరిచి చెప్పొచ్చు గదా!”

కాశయ్యకు నిజంగానే అర్థం కాలేదు. “ఇంటూ కొట్టినంక ఇంక జెప్పుడేంది?”

“కప్పు మంచిగనే ఉంది. నిన్ననే రంగేసినం, సన్న పగులు గూడ లేదు,” అంది రాజ్యశ్రీ. “ఇంత మందిని బెదరగొడితివి. నేను మాట ఇచ్చిన. సామాను సర్దుకో తాతా.”

భార్య పోయాక ఆయనకు ఈ ఆశ్రమం తప్ప ఇంకో చోటు లేదని బతుకమ్మ నా చెవిలో చెప్పింది. కాశయ్య కర్రను గోడకు ఆనించాడు. రెండు ధోవతులు, ఒక రేడియో, మందుల డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. నాకు చాలా సిగ్గేసింది. ఆయన్ని పట్టించిన పాపంలో నాకూ వాటా ఉంది.

సరిగ్గా పదకొండుకు తనిఖీ ఆఫీసరు శారద వచ్చింది. రెయిలింగ్ ఊపి చూసింది, సిలిండర్ తారీకు చూసింది. హాల్లోకి వచ్చి తల ఎత్తింది.

“ఆ గీతలేంటి?”

రాజ్యశ్రీ నోరు విప్పేలోపే చందూలాల్ ముందుకొచ్చాడు.

“ఒక ఘోరమైన కుట్ర మేడం! ఈ రెండు చేతులతోని ఛేదించిన. నేరం ఎట్ల జరిగిందో చేసి చూపిస్త, చూడండి!”

“చందూ, వద్దురా,” అన్నాను నేను.

“ఆ కిందికి పోకు బిడ్డా!” అని అరిచాడు కాశయ్య.

“ఖైదీలకు మాట్లాడే హక్కు లేదు!” అని చందూలాల్ వెదురుకర్ర అందుకున్నాడు. బతుకమ్మ మంచం ఉండిన చోట నిలబడి, ఆఫీసరు వైపు చూసి నవ్వి, ఇంటూ గీత మీద బలంగా ఒక్కటి పొడిచాడు.

బుడుంగుమంది. కాశయ్య చేతిలోని సంచి పారేసి, చందూలాల్ కాలరు పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ కింద పడ్డారు. మరుక్షణం తలుపు రెక్కంత సిమెంటు పెచ్చు, రంగుతో సహా, నేల మీద పడి పగిలింది.

దుమ్ము తగ్గాక చూస్తే పెద్ద ముక్క ఒకటి బతుకమ్మ దిండు ఉండే చోటనే పడి ఉంది. పైన తడిసి నల్లబడిన స్లాబు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనబడుతున్నాయి. బతుకమ్మ తలుపు పక్కనున్న తన మంచం మీద కూలబడి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“పొద్దుగాల దాక నా తల గాడ్నే ఉంటుండె,” అంది.

నెత్తి నుంచి బూట్ల దాకా తెల్లగా మారిన చందూలాల్ లేచి నిలబడ్డాడు. “నేరస్థుని పేరు కప్పు! నాకు మొదటి నుంచి దాని మీదనే అనుమానం!”

ఎవరూ అతని వంక చూడలేదు. రాజ్యశ్రీ నేల మీది సంచి తీసి, దుమ్ము దులిపి, గుండెకు హత్తుకుంది. ఏడుస్తోంది. “రంగును నమ్మిన గాని నిన్ను నమ్మకపోతి తాతా,” అంది.

ఆఫీసు గదిలో శారద చాలాసేపు రాసింది. హాలు ఈరోజే ఖాళీ చేయాలి, నెలలోపు మరమ్మతు చూపించాలి, అప్పటిదాకా లైసెన్సు ఆపను అంది. ఫారం తిప్పి ఒక గడి మీద వేలు పెట్టింది.

“భద్రత ఎవరు చూస్తారో పేరు రాయాలి. ఇది ఖాళీగా ఉంది.”

రాజ్యశ్రీ ఎవరినీ అడగకుండానే కాశయ్య పేరు రాసి, పెన్ను ఆయన చేతికిచ్చింది. ఆయన అద్దాలు సవరించుకుని సంతకం పెట్టాడు. కింద తారీకు వేశాడు, టైము కూడా వేశాడు. తర్వాత తల పైకెత్తి, ఆఫీసు కప్పు వంక కాసేపు చూశాడు.

“మీరందరు జర గోడ దిక్కు జరగుర్రి,” అన్నాడు.

ఎందుకని ఒక్కరూ అడగలేదు. జిల్లా ఆఫీసరుతో సహా అందరం ఎవరి కుర్చీ వాళ్లం ఎత్తుకుని జరిగాం.