ఎవరికి వారే రాజు, మోటరు మాత్రం ఎవరు వేయాలి?

మనిషిని కాపాడేది స్వార్థం ఒక్కటేనని బల్లగుద్ది చెబుతున్నాను! నవ్వకండి. ఇది నా సొంత పైత్యం కాదు, పెద్ద ఫిలాసఫీ.

‘నాకు నేనే ముఖ్యం. రాజ్యం, సమాజం, కర్తవ్యం అన్నీ మనం బుర్రలో పెంచుకున్న దయ్యాలు’ అంటుందది. ఆ మాట పట్టుకునే తర్వాత కొందరు అసలు ప్రభుత్వమే అక్కర్లేదనీ, ఎవరికి వారే రాజులనీ తేల్చేశారు. అరాచకవాదంలో అదొక శాఖ. ఎంత హాయి!

ఈ జ్ఞానాన్ని మా ఇంటికి మోసుకొచ్చినవాడు మా బావమరిది. ఉద్యోగం స్వేచ్ఛకు భంగమని మానేసి, మా ముందుగదిలో స్వతంత్రంగా ఉంటున్నాడు. బంధుత్వం కూడా దయ్యమేనట. అయితే ఆ దయ్యం వండిన కూర మాత్రం మారు వడ్డించుకుంటాడు. సిద్ధాంతానికీ ఆకలికీ ముడిపెట్టడం మన కుళ్లు కాదూ?

మేముండేది ఒక మేడలో పై అంతస్తు. డాబా మీద నీళ్ల ట్యాంకు, అడుగున మెట్ల పక్కన మోటరు స్విచ్. పొద్దున్నే దాన్ని ఇంటికొకరు వంతులవారీగా వేయాలని పాత రూలు. మావాడు మండిపడ్డాడు.

“ఏంటి బావా ఈ బానిసత్వం! నీళ్లు కావాల్సినవాడే వేసుకుంటాడు. మధ్యలో ఈ వంతులేంటి?”

వంతులు రద్దయ్యాయి. మేడలో అందరి వెన్నెముకలూ నిటారయ్యాయి! ఇష్టమున్నంతసేపే కలిసుండే స్వేచ్ఛాజీవుల సంఘం కూడా పెట్టుకున్నాం. తొలి సమావేశం డాబా మీద నిలబడే జరిగింది. కుర్చీలు మోయమని ఎవరు ఎవరికి చెబుతారు?

విచిత్రమేమిటంటే, ట్యాంకు ఒక్కరోజూ ఖాళీ కాలేదు! పెత్తనం లేకపోతే లోకం దానంతటదే నడుస్తుందని మావాడు మీసం మెలేశాడు. పక్కనే నిలబడి నేనూ మెలేశాను.

మొన్న పొద్దున అతను స్నానానికి వెళ్లాడు. తలనిండా సబ్బు రుద్దుకున్నాక కుళాయి గుర్రుమని ఆగిపోయింది.

“అక్కా! మోటరు!”

మా ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని మోకాళ్లకు కాపడం పెట్టుకుంటోంది. ఇన్నాళ్లూ రోజూ ఆ మెట్లన్నీ దిగి, స్విచ్ వేసి, ఎక్కి వస్తున్నది ఆవిడేనని నాకు అప్పుడు తెలిసింది.

“అక్కేంట్రా? అది దయ్యమన్నావుగా!”

“కళ్లు మండిపోతున్నాయే!”

“నీ కళ్లు నీవి, నా మోకాళ్లు నావి. ఎవరికి వారే రాజులం కదరా తమ్ముడూ!”

సగం గీసిన గడ్డంతో నిలబడిన నా వైపు తిరిగింది. “మీరేమంటారు?”

ఏమంటాను? ఎవరికీ తలవంచని రాజులమిద్దరం ఆవిడ మోకాళ్ల మీద నిలబడి ఉపన్యాసాలిచ్చామని ఒప్పుకుంటే మా పరువేం కావాలి? సిగ్గేసింది. మొహం మీద నురగతోనే మెట్లు దిగాను.

అయినా నా మాట మీదే ఉన్నాను. స్వార్థం చాలా గొప్ప ఫిలాసఫీ. కాకపోతే అది సాఫీగా సాగాలంటే ఇంటికొకరైనా దాన్ని నమ్మకుండా ఉండాలి!