చేతులు కట్టేసే వేళ

సెలూన్ పరదేశి చేతుల స్విచ్ నరాల ఉపశమన శాఖ ఆఫీసులో, నీళ్ల కుండ పైన, రెండు ఫ్యాన్ స్విచ్‌ల మధ్య ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. వణుకుడు జబ్బున్నవాళ్ల మెదడులోకి శాఖవారు సన్నటి తీగ దించి, రెండో కొస తెచ్చి గోడకు బిగిస్తారు. స్విచ్ ఇంటికే ఇచ్చేస్తే జనం ఎడాపెడా వాడేస్తారని పైవాళ్ల భయం. పొద్దున ఆఫీసు తెరవగానే అటెండరు సన్యాసిరావు ముందు ఫ్యాన్లు వేస్తాడు, తర్వాత చేతులు వేస్తాడు. సాయంత్రం రెండూ కట్టేసి తాళం పెడతాడు.

స్విచ్ వేసి ఉన్నంతసేపూ పరదేశి చేతులు బంగారం. కట్టేశారంటే మాత్రం దువ్వెన కూడా నిలవదు. అందుకని అతను గడ్డం గీస్తున్నంతసేపూ ఒక చెవి వీధి అవతల ఆఫీసు వైపు పడేసి ఉంచుతాడు. అక్కడ ఫ్యాన్ల కిరకిర ఆగిందా, ఇక్కడ కత్తి గాల్లోకి లేచిపోవాలి. ఇన్నాళ్లలో ఎవరి గొంతూ తెగలేదు. తెగితే? ఆ మాట తలుచుకుంటే చాలు, పాపం, ఆ చెవిని ఇంకాస్త రిక్కిస్తాడు.

ఇంతలో పొదుపు వారోత్సవాలు వచ్చాయి. సీట్లో మనిషి లేనప్పుడు అన్నీ కట్టేయాలని సూపరింటెండెంట్ భానుమూర్తి గారు ఆర్డరేశారు. ఆయన సీట్లో ఉండేదెప్పుడు కనక! ఆయన టీకి లేస్తే ఫ్యాన్లు పోయేవి, వాటితోపాటు పరదేశి చేతులూ పోయేవి. సగం గడ్డంతో బజారుకెళ్లడం ఊళ్లో మామూలైపోయింది.

ఆరోజు కుర్చీలో కూర్చున్నది సాక్షాత్తూ సన్యాసిరావే. కత్తి చెవి కిందికి వచ్చాక పరదేశికి అనుమానం వచ్చింది.

"నువ్విక్కడుంటే స్విచ్ కాడ ఎవులున్నారు బాబూ?"

"సూపర్నెంటుగారే ఉన్నార్లేరా. లేస్తే ఆయనే కట్టేత్తారు."

కిరకిర ఆగింది. కత్తి లేచేలోపే చెవి కింద ఎర్రటి చుక్క మెరిసింది.

"కట్టేసినారు," అన్నాడు సన్యాసిరావు తువ్వాలుతో అద్దుకుంటూ.

పరదేశి పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకో వెంట్రుకవాసి కిందికి జరిగి ఉంటే? ఎగిరెగిరి పడుతున్న చేతుల్ని చంకల్లో బిగించి కట్టుకుని, వీధి దాటి పరిగెత్తాడు. వెనకాలే సన్యాసిరావు. సూపరింటెండెంటు గారు గుమ్మంలోనే ఎదురయ్యారు.

"పీక మీద కత్తి ఉండగా కట్టేసినారండి! రేపు మనిషి పోతే నా గతేటండి? మీ కాళ్లు పట్టుకుంతాను, ఆ స్విచ్చేదో నాకిచ్చేయండి."

భానుమూర్తి గారు అతన్ని కిందనుంచి పైదాకా చూశారు.

"ఇప్పుడు వణుకుతున్నాయా?"

"వణుకుతున్నాయండి."

"ఏవీ? నాకు కనపడవే."

"కట్టుకున్నానండి."

"కట్టుకుంటే వణకడం లేదన్నమాట!" ఆయన ముఖం విప్పారింది. "కరెంటు ఖర్చు లేకుండా! ఇన్నేళ్లూ ఈ వైద్యం ఎవరికీ తట్టలేదేమయ్యా?"

మధ్యాహ్నానికల్లా పరదేశి స్విచ్‌తోపాటు మిగతా రోగుల స్విచ్‌లూ పీకేసి, ఆ కన్నాల్లో కాగితాలు కుక్కారు. కొత్త చికిత్స గోడకెక్కింది. చేతులు వణికేవాళ్లు కట్టుకోవాలి. కాళ్లు వణికేవాళ్లు కూలబడాలి. దవడ వణికేవాళ్లు నోరు మూసుకోవాలి.

"మరి గడ్డాలెలాగ గియ్యాలండి? నానెలాగ..." అనబోయాడు పరదేశి. భయానికి దవడ కొట్టుకోసాగింది.

"నోరు, పరదేశీ," అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా, అతని మంచికే.

పరదేశి నోరు మూసుకున్నాడు. నిజంగానే వణుకు కనిపించలేదు. వరండా నిండా మిగతా రోగులు అప్పటికే అలాగే ఉన్నారు. జబ్బు పూర్తిగా నయమైందని శాఖవారు పైకి రాసేశారు.

సాయంత్రం సన్యాసిరావు సగం గడ్డంతోనే ఫ్యాన్లు కట్టేశాడు. అలవాటుకొద్దీ మధ్య కన్నం మీదికి కూడా వేలు వెళ్లింది. అక్కడ కట్టడానికి ఏమీ లేదు. ఎవరి చేతులు వాళ్లే కట్టుకుని ఉన్నారు.