మసక అద్దమే మహాభాగ్యం

అద్దాలు శుభ్రంగా ఉంటే ఆరోగ్యానికి చేటు! నమ్మరా? అయితే నందికొండ వైపు, డ్యాం కడుతున్నచోట, ఒక ఆఫీసులో పనిచేసే రామచంద్రంగారి సంగతి వినండి. ఏ ఆఫీసని మాత్రం అడగకండి.

ఆయన కిటికీని నాలుగేళ్లుగా నాగులమ్మ తుడిచేది. పద్ధతి ఏమిటంటారా? పరమ పాతది! సుద్దనీళ్లు పూసి, ఆరనిచ్చి, పాత పేపరు ఉండచుట్టి రుద్దడం. డ్యాం దుమ్మంతా వదిలి, అద్దం ఉందో లేదో తెలిసేది కాదు. పిచ్చుకలు మోసపోయి గుద్దుకునేవి.

మరి అందులోంచి కనపడేదేమిటి? డ్యాం నీళ్లలో మునగబోయే ఊళ్లవాళ్లు! ఇంటిజాగా దరఖాస్తులు పెట్టుకుని, ఆయన సంతకం కోసం ఎండలో నిలబడి, ఆయన్నే చూస్తూ. తల తిప్పుకుంటే మెడనొప్పి. కళ్లు మూసుకుంటే అవే మొహాలు. సున్నితమైన మనసున్న మనిషికి ఇంత శిక్షా?

అందుకే పట్నం నుంచి నవీన పద్ధతి తెప్పించారు. సీసాలో నీలిరంగు లిక్విడ్, కర్రకు రబ్బరు పట్టీ. ఆ కర్ర నాగులమ్మ చేతికే ఇచ్చారు. ఒక్క లాగుడు! అద్దమంతా జిడ్డు, జిడ్డు మీద దుమ్ము. వారం తిరిగేసరికి జనం మాయం! రామచంద్రంగారికి ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది. సైన్సంటే ఇదీ!

నాగులమ్మకే అర్థం కాలేదు. ఆమె ఊరూ మునిగేదే. ఆమె దరఖాస్తూ ఆయన బల్లమీదే ఉంది. మసకవల్లే సారుకు ఎవరూ కనపడటం లేదనుకుంది, పిచ్చిది! ఒక పొద్దున బయటి నుంచి, తడికొంగుతో మొహమంత మేర తుడిచింది.

"సారూ, గిప్పుడు అగుపడుతున్ననా?"

అటెండరు జానయ్య నవ్వాడు. "ఏందవ్వా, అద్దం తుడువుమంటే సారునే తుడిచేటట్టున్నవు!"

"ఏం జెయ్యాలె జానయ్యా, మసక యాడుంటె గాడనే రుద్దాలె గద! సారూ, జర నా జాగ కాయితం చూడుండ్రి. వానలకు ముందే ఊరు ఖాళీ చెయ్యాల్నంటున్నరు."

ఆశ్చర్యం! ఆయన చెయ్యి కదిలింది. ఆమె కాగితం కట్టలోంచి బయటికొచ్చింది. సంతకం చోటుదాకా కలం వెళ్లింది. అంతలో తలెత్తారు. ఆ కాస్త తుడిచిన జాగాలోంచే, ఆమె భుజాల మీదుగా, మరో పది మొహాలు!

ఎంత ప్రమాదం తప్పింది! కలానికి మూత పడింది. ఆ మధ్యాహ్నమే లోపల పరదా వేలాడింది. తుడవక్కర్లేని కిటికీ! ఇంతకన్నా నవీన పద్ధతి ఏ దేశంలోనైనా ఉందా?

వానలొచ్చాయి. ఊరు మునిగింది. కాగితం కట్టలోకి వెళ్లిపోయింది. నాగులమ్మ ఆఫీసు గోడవారగానే గోనెసంచులతో గుడిసె వేసుకుంది. పొద్దున్నే లేచి, సుద్ద పూసి, పేపరుతో అద్దం రుద్దుతుంది. ఇప్పుడది జిల్లాలోకెల్లా శుభ్రమైన అద్దం. పరదా నేతలో ప్రతి పోగూ కనపడుతుంది!