కోదాడలో నిండు గ్రహణం

రజాకార్ల గొడవ సద్దుమణిగి, సూర్యాపేట బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజులు. ఇవాళ గ్రహణమని సంతలో ఎవరో అన్నారట, పొద్దున్నే లక్ష్మీనర్సమ్మ పొయ్యి ఆర్పేసింది. విడిచేదాకా ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరాదంది. ఆమె భర్త రామనర్సయ్యకు పూట తప్పితే ప్రాణం పోయినంత పని. కోదాడ హోటల్లో పెసరట్లు కళ్లముందు కదిలాయి.

"ఈడ పట్టేది సగమే. కోదాడల నిండు గ్రహణమట. పోయి సూసొస్త," అన్నాడు.

అబద్ధం అంతటితో ఆగితే ఏ బాధా లేకపోను. నిండు గ్రహణానికి నిండు పుణ్యమని ఆయన అత్తగారు ఉప్పలమ్మ కొంగు బిగించింది. ఆమె గొర్రెల ఐలన్నకు చెప్పింది, ఐలన్న వాడంతా చాటాడు. రామనర్సయ్య వెళ్లేసరికి బస్సులో కూర్చోవడానికి చోటు లేదు. అన్నీ ఖాళీ కడుపులే. ఇంతమంది పుణ్యాత్ములను ఒకచోట చూసి ఆయనకు ఏడుపొచ్చింది.

కోదాడలో దిగీ దిగగానే అట్ల వాసన. "గ్రహణమేంటండీ? మన దేశంలో కనపడదని పంచాంగంలో ఉంటేను. రండి, వేడిగా ఉన్నాయి," అన్నాడు హోటలాయన.

వాడంతా రామనర్సయ్య ముఖంలోకి చూసింది. నిజం ఒప్పుకుంటే అట్టు నోట్లో పడేది. కాని బస్సు కిరాయి పెట్టుకుని వచ్చినవాళ్లు ఊరుకుంటారా? పైగా పెద్దమనిషి పరువొకటి ఏడ్చింది. "నీ పంచాంగం తప్పు," అన్నాడు గుటకలు మింగుతూ.

అందరూ ఎండలో కూర్చున్నారు. పట్టని గ్రహణం ఎప్పుడని విడుస్తుంది? సాయంత్రం మబ్బు కమ్మింది, ఆ మబ్బులోనే పొద్దు గుంకింది. పట్టిన సూర్యుడు విడవకుండానే గుంకాడు కాబట్టి, రేపు మళ్లీ సూర్యుణ్ణి చూసేదాకా మెతుకు ముట్టరాదని ఉప్పలమ్మ తేల్చేసింది.

రామనర్సయ్యకు కళ్లు తిరిగాయి. "గ్రహణం లేదు, ఏం లేదు అత్తా. నేనే అబద్ధం జెప్పిన. జర తిననియ్యి."

"ఆకలికి గట్లనే అనిపిస్తది అల్లుడా. నీ పుణ్యం నేను పోనియ్య," అని ఆమె ఐలన్నను కాపలా పెట్టింది.

తెల్లారి సూర్యుణ్ణి చూసి హోటలుకు పరుగెత్తితే, తన పంచాంగాన్ని తప్పుపట్టినవాళ్లకు అట్లు వేసేది లేదన్నాడు హోటలాయన. ఆ కడుపుతోనే ఇల్లు చేరారు.

"మీరు పోంగనే గుడి అయ్యగారొచ్చి మనకు గ్రహణం లేదన్నడు. గారెలు చేసుకొని తిన్న," అంది లక్ష్మీనర్సమ్మ. గిన్నె కూడా కడిగి బోర్లించింది.

"మనకెట్లుంటది బిడ్డా? అంత కోదాడలనే పట్టె," అంది ఉప్పలమ్మ. వాడంతా తలూపింది.

వారం తిరక్కముందే మిర్యాలగూడ నుంచి పెద్దలు కబురు పంపారు, వచ్చే గ్రహణం తమ ఊళ్లో నిండుగా పట్టేట్టు రామనర్సయ్యగారు చూడాలని.